నీళ్లు కాగేటప్పుడు ఒకే చోటు నుంచి బుడగలెందుకు?

గిన్నె అడుగున ఒకే చోటు నుంచి బుడగలు వరసగా ఎందుకొస్తాయి, ఎప్పుడు వదిలి పైకొస్తాయి అని అడిగారు. అక్కడ కంటికి ఆనని గీతో గుంటో ఉంటుంది, అందులో కాస్త గాలి ఇరుక్కుని ఉంటుంది. అడుగు 100 డిగ్రీలు దాటి ఇంకాస్త వేడెక్కితే చుట్టూ ఉన్న నీరు ఆవిరై అందులో చేరుతుంది. తలతన్యత బుడగని కిందకి పట్టి ఉంచుతుంది. అది 2, 3 మిల్లీమీటర్లకి ఉబ్బేసరికి పైకి తోసే బలానిదే పైచేయి అవుతుంది, మెడ సన్నబడి తెగిపోతుంది. గుంటలో మిగిలిన ఆవిరితో మళ్లీ ఇంకోటి. పొయ్యి వెలిగించగానే గిన్నె గోడలకి అంటుకునేవి మాత్రం నీళ్లలో కరిగిన గాలి. వాటిని చూసే మా ఇంట్లో టీ పొడి వేసేస్తారు, ఆ గొడవ వేరే.

అసలు తమాషా వంటింట్లో కాదు, మా విశాఖ గాజువాక ఆటోనగర్ షెడ్లలో చూడాలి. ఫర్నేస్‌లోంచి ఎర్రగా కాలిన ఈఎన్-8 రకం ఉక్కు షాఫ్ట్ తీసి, గబగబా చల్లారి గట్టిపడాలని నీళ్ల తొట్టిలో ముంచుతాం. ఒక్కసారి చుయ్‌మని, ఆ వెంటనే దాదాపు నిశ్శబ్దం. షాఫ్ట్ చుట్టూ అద్దంలా మెరిసే ఆవిరి పొర. ఇనుముకి నీళ్లే తగలవు, నీళ్ల అడుగున కూడా ఎర్రగానే కనిపిస్తుంది. కాస్త చల్లబడ్డాక పొర అంచుల దగ్గర చిట్లుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు మరగడం! తొట్టి మొత్తం గుబగుబలాడుతుంది, పటకారు పట్టిన చేతికి అదురు తెలుస్తుంది. వేడి గబగబా దిగేది అప్పుడే.

ఇంటర్న్‌షిప్‌కొచ్చే ఇంజనీరింగ్ పిల్లలు లోహం వేడిని బట్టి నీళ్లు మరిగే తీరు ఎలా మారుతుందో చూపే, 1934 నాటి జపాన్ శాస్త్రవేత్త నుకియామా గ్రాఫ్ గడగడా అప్పజెప్తారు. షాఫ్ట్ చప్పుడు చేయకపోతే మాత్రం "అయిపోయిందా సార్?" అంటారు. ఇంకా మొదలే కాలేదురా బాబూ!

ఆ పొర త్వరగా చిట్లాలనే నీళ్లలో ఉప్పు కలుపుతాం, 10 శాతం దాకా. "సముద్రం పక్కనే ఉందిగా, ఆ నీళ్లే పోసేయండి" అని ఒక కస్టమర్ సలహా. అందులో ఉండేది 3.5 శాతమే. పైగా ఉప్పు వద్దు, తుప్పు పడుతుందని ఆయనే అంటాడు. ఈ ఊరి గాలికే పడుతోంది, ఇంకా ఉప్పుదాకా ఎందుకు?

ముంచాక షాఫ్ట్‌ని ఆడిస్తూ ఉండాలి. కదపకుండా వదిలేస్తే పొర ఎక్కడ నిలిచిందో అక్కడ గట్టిదనం రాదు. నమ్మకపోతే ఫైలు పెట్టి రుద్దండి. మిగతా చోట్ల జారిపోతుంది, అక్కడ మాత్రం పొడి రాలుతుంది.