ఆరు స్పీకర్లలోనూ గుంయ్‌మని రొద

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో సామాను కొనుక్కొచ్చి ఇంట్లోనే 5.1 యాంప్లిఫైయర్ చేసుకున్నాను. ఛానెల్‌కొక టీడీఏ2030 (శబ్దాన్ని పెంచే ఐసీ) బోర్డు చొప్పున ఆరు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, ముందు ఒక ప్రీయాంప్ బోర్డు, దాని తర్వాత వాల్యూమ్ కంట్రోళ్లు, ఒక బ్లూటూత్ కిట్టు. అన్నీ పాత డీవీడీ ప్లేయర్ ఇనప డబ్బాలో సర్దాను. పాట బానే వస్తుంది కానీ వాల్యూమ్ సున్నా చేసినా గుంయ్‌మని రొద, సబ్‌ఊఫర్‌లో మరీ ఎక్కువ. నాబ్ ముట్టుకుంటే కాస్త తగ్గుతుంది, సెట్‌టాప్ బాక్స్ తగిలిస్తే పెరుగుతుంది, బ్లూటూత్ పెడితే సన్నగా కీచుమంటుంది. సప్లయిలో 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్లు తీసి 10000వి వేశాను, లాభం లేదు. ప్లగ్గులో ఎర్త్ పిన్ను పీకేస్తే పోతుందని తెలిసినాయన అంటున్నాడు. పీకెయ్యనా?
- కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: పీకొద్దు. మీది ఇనప డబ్బా. లోపల 230 వోల్టుల వైరు ఒక్కటి ఊడి డబ్బాకి తగిలిందంటే, ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే నాబ్ తిప్పడానికి చెయ్యి పెట్టినవాళ్లు పోతారు. ఆ సలహా ఇచ్చినాయన్ని ఇంకేమీ అడక్కండి.

కెపాసిటర్లు మార్చి మీరేదో తప్పు చేశారని కాదు, అందరం ముందు అదే చేస్తాం. కానీ రొద ఎక్కడ దూరుతోందో చూడకుండా పార్టులు మార్చడమంటే నీళ్లు ఎక్కడ కారుతున్నాయో చూడకుండా ఇల్లంతా సున్నం వేయించడమే. పైగా పెద్ద కెపాసిటరు ఛార్జయ్యేటప్పుడు ఇంకా పదునైన ఝట్కాలతో కరెంటు లాగుతుంది, గ్రౌండ్ (బోర్డులన్నిటి సున్నా వోల్టుల వైరు) వైరింగ్ బాగోలేకపోతే ఆ ఝట్కాలే స్పీకర్లో వినిపిస్తాయి. ఫోన్‌లో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఒకటి వేసి సబ్‌ఊఫర్ దగ్గర పెట్టి చూడండి. 50 హెర్ట్జ్ దగ్గర గీత లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రమో గ్రౌండ్ లూపో (గ్రౌండ్ వైర్లు ఉంగరంలా చుట్టుకోవడం) అనుకోండి, 100, 200 దగ్గర లేస్తే రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసే భాగం) కరెంటు గ్రౌండ్‌లో కలుస్తోందని. సబ్‌లో ఎక్కువ వినిపించేదీ అందుకే, ఈ శబ్దాలు పలికేది ఆ స్పీకరే, చిన్నవాటికి అంత గొంతు లేదు. ఆ బోర్డుని అనుమానించకండి.

వాల్యూమ్ సున్నాలో కూడా రొద ఉందంటే అది కంట్రోళ్ల తర్వాతే కలుస్తోంది. పవర్ తీసి, కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా ఆగి, ఒక బోర్డుకి ప్రీయాంప్ వైపు నుంచి వచ్చే వైరు పూర్తిగా తీసేసి, దాని ఇన్‌పుట్‌ని అదే బోర్డు గ్రౌండ్‌కి చిన్న వైరు ముక్కతో కలపండి. ఆన్ చేశాక ఆ ఛానెల్ నిశ్శబ్దంగా ఉంటే బోర్డు మంచిదే, సప్లయీ మంచిదే, రొద మీరు తీసేసిన వైరు దారినే వచ్చింది. నాకు తెలిసి పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే తేలుతుంది.

ఎందుకంటే మీ ఒక్కో బోర్డుకి గ్రౌండ్ రెండు దారుల్లో వస్తోంది, సప్లయి నుంచి ఒకటి, ఆడియో తెచ్చే షీల్డు వైరు మీది లోహపు తొడుగు ద్వారా ఇంకొకటి. ఆరు బోర్డులకీ కలిపి పన్నెండు. ఏ రెండు తీసుకున్నా మధ్యలో ఒక రాగి ఉంగరం, దాని పక్కనే ట్రాన్స్‌ఫార్మర్. స్టీరియోలో ఎవరూ పట్టించుకోని తప్పు 5.1లో రొద కావడానికి ఇదే కారణం.

దీనికి మందు 10 ఓముల రెసిస్టరు. కానీ ఎక్కడ వేస్తారన్నదే అసలు సంగతి. నేను మొదటిసారి చేసినప్పుడు షీల్డు తొడుగుకీ బోర్డుకీ మధ్య వేసి, రొద ఏమాత్రం తగ్గకపోతే రాత్రి రెండింటిదాకా తల పట్టుకున్నాను. అది బోర్డు లోపల పడాలి. టీడీఏ2030కి ఐదు కాళ్లు, అందులో గ్రౌండ్ కాలే లేదు, అది మన అదృష్టం. ఇన్‌పుట్ దగ్గరి 22కే (22 వేల ఓముల) రెసిస్టరు కింది కొస, ఫీడ్‌బ్యాక్ కెపాసిటరు కింది కొస, షీల్డు తొడుగు, ఈ మూడూ ఒక జట్టు. సప్లయి కెపాసిటర్ల గ్రౌండ్ ఇంకో జట్టు. ఈ రెండు జట్లనీ కలిపే రాగి పట్టీని బ్లేడుతో తెంపి, తెగినచోట 10 ఓములు సోల్డర్ చెయ్యండి. స్పీకర్ నెగటివ్ వైరు బోర్డుకి కాకుండా నేరుగా సప్లయి దగ్గరికే పోవాలి.

సప్లయి దగ్గర కూడా ఒక మెలిక ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మధ్య వైరు రెండు పెద్ద కెపాసిటర్లు కలిసే చోటికి వస్తుంది కదా, అక్కడే అన్ని గ్రౌండ్లూ అతికిస్తే ఛార్జింగ్ ఝట్కాలు అందరికీ పంచినట్టే. అక్కడి నుంచి రెండంగుళాల మందపాటి వైరు బయటికి లాగి, దాని చివర బోర్డులవీ స్పీకర్లవీ అన్నీ ఒక్కచోట కలపండి. డబ్బాకి ఎర్త్ విడిగా గట్టి బోల్టుతో. ఆరు షీల్డు వైర్లూ ఒక కట్టగా కట్టి ట్రాన్స్‌ఫార్మర్‌కి దూరంగా నడిపించండి.

నాబ్ ముట్టుకుంటే తగ్గుతోందంటే కంట్రోల్ లోహపు ఒళ్లు దేనికీ తగలకుండా గాల్లో ఉందన్నమాట. దాని వీపు మీద గరుకు కాగితంతో మెరిసేదాకా గీకండి, గీక్కుండా లెడ్డు అంటదు, పూసలా జారిపోతుంది. గీకాక సన్న వైరు అతికించి డబ్బాకి కలపండి.

సెట్‌టాప్ బాక్స్ విషయం వేరు. వెనక కేబుల్ వైరు ఒక్కటీ విప్పి చూడండి. రొద ఆగిందా, ఆ కేబుల్ తొడుగు బయటెక్కడో వేరే ఎర్త్‌కి తగిలి వస్తోంది. బాక్సుకీ యాంప్‌కీ మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. కీచుమనేది బ్లూటూత్ కిట్టు యాంప్‌తో సప్లయి పంచుకోవడం వల్ల. బీ0505ఎస్ అని 5 వోల్టులు తీసుకుని 5 వోల్టులే ఇచ్చే చిన్న నల్ల ముక్క దొరుకుతుంది, లోపల రెండు గ్రౌండ్లకీ సంబంధం ఉండదు. అది ఇచ్చేది ఒక వాట్ మాత్రమే, బ్లూటూత్‌కి చాలు, డిస్‌ప్లే లైట్లు కూడా దాని మీదే వెయ్యకండి.

ఇవన్నీ అయ్యాక కూడా చెవి ఆనిస్తే సన్నగా బుస వినిపిస్తే గెయిన్ (బోర్డు సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతోందో) చూడండి. మామూలు కిట్టులో ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్లు 22కే, 680 ఓములు ఉంటాయి, అంటే 33 రెట్లు. 680 తీసి 1కే వేస్తే 23కి దిగుతుంది. 16 రెట్ల కంటే దిగితే ఆ ఐసీ తనంతట తానే ఊగడం (ఆసిలేషన్) మొదలెడుతుంది, అక్కడిదాకా పోవద్దు.

ప్రశ్న: టీడీఏ2030 బోర్డులకి 15-0-15 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. వారానికో ఐసీ పోతోంది. నకిలీవా?
- మల్కాజ్‌గిరి పాఠకుడు

జవాబు: నకిలీవీ ఉంటాయి గానీ మీ విషయంలో వాటి తప్పేం లేదు. 15 వోల్టుల ఏసీ డీసీ అయ్యేసరికి అటూ ఇటూ 20 వోల్టుల పైకి పోతుంది, టీడీఏ2030 తట్టుకునేది 18. అదే ట్రాన్స్‌ఫార్మర్ ఉంచుకోవాలంటే ఎల్ఎం1875 వేసుకోండి, కాళ్ల వరస ఒకటే, 25 వోల్టులకి కూడా బెదరదు. వేసేముందు బోర్డు మీది కెపాసిటర్లు ఎన్ని వోల్టులవో చదవండి, 16 అని ఉంటే అవీ మార్చాల్సిందే.