నొప్పి వచ్చిన తేదీ కూడా రాయించు

అమ్మడూ,

గుణుపురం దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా చేరుతున్నావని, నెలసరి ఇబ్బందులున్న పిల్లల్ని ఆసుపత్రికి తీసుకెళ్లే పని కూడా నువ్వే అడిగి తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అన్నయ్య ఆ మాట చెబుతుంటే ఎంత పొంగిపోయాడో! నాకూ గర్వంగానే ఉంది, కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు నర్సుగా చేసినదాన్ని, నేను చూసిన పిల్లలందరూ కళ్ల ముందుకొచ్చారు.

ప్యాడ్లు, శుభ్రత గురించి నీకు చెప్పక్కర్లేదు. బడి ఆడపిల్లలకి ఉచితంగా ఇవ్వడానికి ఒడిశా సర్కారు 2018లో మొదలుపెట్టిన ఖుషీ పథకం ప్యాడ్లు స్టాకు అయిపోకముందే అడుగు, అంతే.

నీకు చెప్పాల్సింది 1993 నాటి సంగతి. అప్పుడు నేను కొండ ఊళ్లవైపు ఒక చిన్న ఆసుపత్రిలో ఉండేదాన్ని, పక్కనే హాస్టలు. పదిహేనేళ్ల సవర పిల్ల ఒకతి పొత్తికడుపు పట్టుకుని వచ్చి బల్లమీద ముడుచుకుని పడుకుంది. పెద్దమనిషివి అయ్యావా అని అడిగాను. లేదంది. ఆ ఒక్క మాటతో నెలసరి సంగతి నా బుర్రలోంచి తీసేశాను. నులిపురుగుల మాత్ర ఇచ్చి పంపాను. మళ్లీ వస్తే గ్యాస్ మాత్ర ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు బడి ఎగ్గొట్టడానికి వేషాలేస్తున్నావా అని కసిరాను కూడా, తల దించుకుని వెళ్లిపోయింది. నాలుగోసారి నాతో మాట్లాడనేలేదు, మాత్ర తీసుకుని వెళ్లింది.

అక్టోబరులో ఒక పొద్దున్న ఆయమ్మ ఆ పిల్లని భుజాన వేసుకుని తెచ్చింది. రాత్రి నుంచి ఒంటేలు రావడం లేదు, పొత్తికడుపు గట్టిగా ఉబ్బిపోయి ఉంది. అప్పుడు గుండె జారిపోయి, జీపులో బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడవునా నా చెయ్యి వదల్లేదు ఆ పిల్ల, కసిరినదాని చెయ్యే అది. డాక్టరమ్మ చూసీ చూడగానే చెప్పేసింది. కన్నెపొరకి ఉండాల్సిన దారి పుట్టుకతోనే లేదట. అంటే పిల్ల పెద్దమనిషి అయి నెలలు గడిచాయి, నెలనెలా రక్తం వస్తూనే ఉంది, బయటికి దారి లేక లోపలే నిండిపోయి ఒంటేలు దారిని నొక్కేసింది. చిన్న ఆపరేషన్‌తో తేలిపోయింది. వాళ్లమ్మ వచ్చి మొదట అడిగింది, ఇక దీనికి పెళ్లవుతుందా అని. అవుతుంది, పిల్లలూ పుడతారు అని డాక్టరమ్మ నెమ్మదిగా కూర్చోబెట్టి చెప్పింది.

తిరిగొచ్చాక నా రిజిస్టరు తీశాను. జూన్ 30, జులై 29, ఆగస్టు 25, సెప్టెంబరు 24. నాలుగూ నా చేతిరాతే. నేనే రాశాను, ఒక్కసారీ వెనక్కి తిప్పి చదవలేదు.

అందుకే చెబుతున్నాను, ప్రతి పిల్లకీ ఒక చిన్న నోటుబుక్కు ఇచ్చి రక్తం వచ్చిన తేదీలే కాదు, నొప్పి వచ్చిన తేదీలూ రాయించు, ఇంకా పెద్దమనిషి కానివాళ్ల చేత కూడా. పదిహేనేళ్లు నిండినా నెలసరి రాకపోతే, పదమూడు దాటినా రొమ్ముల ఎదుగుదల కనపడకపోతే డాక్టర్‌కి చూపించాల్సిందే. మొదటి రెండు మూడేళ్లు తేదీలు అటూ ఇటూ అవుతాయి, 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా టెన్షన్ పడకు. ఒక్కసారైనా 90 రోజులు దాటిందంటే మాత్రం చూపించు. గర్భమేమో అని డాక్టర్ విడిగా అడుగుతారు, అడగనివ్వు, నువ్వు మాత్రం పిల్లని అనుమానంగా చూడకు.

ఏడు రోజులు మించి పోతున్నా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, పెద్ద గడ్డలు పడుతున్నా అదే వారంలో తీసుకెళ్లు. అలా పోతూ కళ్లు తిరిగితే తెల్లారేదాకా ఆగొద్దు. మొదటి నెలసరి నుంచే ఎక్కువగా పోతూ, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో కూడా రక్తం వస్తుంటే రక్తం గడ్డకట్టడంలోనే లోపం ఉండొచ్చు, ఆ మాట డాక్టర్‌కి నోరు తెరిచి చెప్పు, ఆస్పిరిన్ దగ్గరికి రానివ్వకు. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే, బళ్లో వారానికోసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్ర దానికి చాలదు. ఒక పక్కనే ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, అక్కడ గంటలే లెక్క. నొప్పి మాత్ర వేసినా తగ్గక నెలనెలా బడి మానేస్తున్న పిల్లని, ఆడపుట్టుకన్నాక ఓర్చుకోవాలి అని ఎవరైనా అంటే, నా తరఫున కూడా కలిపి గట్టిగా కోప్పడు.

నీ మీదా కోపం ఉంది నాకు. అక్క పెళ్లికని ఎవరినీ అడక్కుండా మందుల షాపులో నెలసరి వాయిదా మాత్రలు కొని మింగావు, తర్వాత పది రోజులు రక్తం పోతుంటే నా దగ్గర కూడా దాచావు. నర్సు మేనకోడలివి నువ్వే దాస్తే, ఇల్లు వదిలొచ్చిన ఆ పిల్లలు దాచరా? నీ సంగతి వాళ్లకి చెప్పు, సిగ్గుపడకు. భూదేవికి నెలసరి అని ఒడియావాళ్లు చేసుకునే రజొ పండక్కి పర్లాకిమిడిలో మా పెరట్లో ఉయ్యాల ఊగుతూ, భూదేవి బయటుంది కాబట్టి దున్నకూడదట అత్తా అని వీధంతా వినపడేలా అరిచినదానివి, నీకెందుకు సిగ్గు. అంత చిన్నగా ఉండేదానివి, ఇప్పుడు అరవైమంది పిల్లల్ని చూసుకుంటావట.

వచ్చే నెల మొదటి ఆదివారం గుణుపురం రైలెక్కి వస్తాను. నోటుబుక్కులు నేనే తెస్తాను, నువ్వు కొనకు. చేరాక పిల్లల లెక్క సరిగ్గా చూసి నాకు రాయి.

మీ అత్త