వించ్ బిగించడం గురించి రాస్తున్న అబ్బాయికి

అబ్బాయ్, ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మారుతి జిమ్నీకి కంపెనీ బంపర్ అలాగే ఉంచి, తక్కువ ధర వించ్ (దిగబడ్డ బండిని తాడు చుట్టుకుంటూ బయటికి లాగే మోటారు) బిగించిన పనిని తెలుగులో ఇంత ఓపికగా రాయాలనుకున్నావు, అందుకు ముందు నిన్ను మెచ్చుకోవాలి. మన గోదావరి జిల్లాల్లో మెకానిక్కుల చేతుల్లో ఎంతో విద్య ఉంది. అదంతా నోటి మాటగానే ఉండిపోతోంది. కాగితం మీద పెట్టేవాడు ఒక్కడు వచ్చినా నాకు పండగే.

ఇంజన్ల గురించి, పంపుల గురించి ఇన్నేళ్ళుగా రాస్తూ నేను గట్టిగా పట్టుకున్న సూత్రం ఒకటుంది. పని ఎలా చేయాలో చెప్పే వ్యాసంలో, వస్తువు మీద బరువు ఎక్కడ పడుతుందో అక్కడే ఎక్కువ వాక్యాలు ఉండాలి. నీ వ్యాసంలో పెట్టె విప్పడం, రంగు, రిమోట్ చాలా చోటు తీసుకున్నాయి. ప్లేటు చాసిస్‌కి ఎలా పట్టిందన్నది మాత్రం ఒక్క వాక్యంలో అయిపోయింది. కథ చదివినవాడు బాధపడితే బాధపడతాడు, అంతే. ఇది చదివినవాడు నీ మాట నమ్మి రెంచి పట్టుకుంటాడు. ఆ తేడా ప్రతి పేరాలోనూ గుర్తుండాలి.

ముందు ఆ ఒక్క వాక్యం సంగతే చూద్దాం. ‘వించ్‌ని కంపెనీ బంపర్‌కి బిగించాను’ అని రాశావు. నువ్వు చేసిన పని అది కాదని ఫొటోలు చూస్తే తెలుస్తోంది. జిమ్నీ బంపర్ ప్లాస్టిక్. అది బండికి చొక్కా లాంటిది, ఎముక లోపలున్న చాసిస్. నీ వించ్ కూర్చున్నది ఇనుప ప్లేటు మీద, ఆ ప్లేటు పట్టింది చాసిస్ రెండు కమ్మీలకు. లాగుడంతా తాడు నుంచి అది చుట్టుకునే డ్రమ్ముకి, డ్రమ్ము నుంచి వించ్ కాళ్ళకి, అక్కడి నుంచి నాలుగు బోల్టులకి, ప్లేటుకి, చాసిస్‌కి వెళ్తుంది. బంపర్ మీద ఒక్క కిలో కూడా పడకూడదు. వ్యాసం కూడా ఈ వరసలోనే నడవాలి. బోల్టు తల మీద దాని బలం చెప్పే 8.8 అంకె ఉందా, కింద మందమైన వాషర్ ఉందా, ప్లేటుకి వెల్డింగు ఎక్కడెక్కడ ఉంది, ఇవన్నీ ఆగి చెప్పు. వించ్ సంచిలో వచ్చిన బోల్టు పొడవు నీ ప్లేటు మందానికి చాలిందో లేదో కూడా రాయి. దారం చాలినంత పట్టని బోల్టు బయటికి బిగిసినట్టే కనిపిస్తుంది.

ఈ పొరపాటు ఎక్కడి నుంచి వస్తుందో నాకు తెలుసు. అమెరికా వీడియోల్లో రాంగ్లర్ రూబికాన్ అనే జీపుకి కంపెనీయే ఇచ్చే స్టీలు బంపర్ కనిపిస్తుంది, వించ్ పెట్టుకునేలా చేసిన రకం. దానికి సరిపడే ప్లేటు విడిగా కొని బిగిస్తారు. వాళ్ళు ‘ఫ్యాక్టరీ బంపర్’ అన్నప్పుడు వాళ్ళ ముందున్న వస్తువు వేరు. ఆ మాట విని రాజోలులో ఒక కుర్రాడు ప్లాస్టిక్ వెనకున్న పల్చటి రేకుకి వించ్ తగిలిస్తే, మొదటి లాగుడుకే అది ఊడి వస్తుంది. అందుకని వ్యాసం మొదట్లోనే బండి మోడలు, సంవత్సరం, బంపర్ దేనితో చేసిందో రాసెయ్యి.

కంపెనీ బంపర్ ఎందుకు ఉంచావో కూడా చెప్పలేదు. అందంగా ఉందని మాత్రమే అన్నావు. అంతకంటే పెద్ద కారణాలున్నాయి. బండి ముందు అదనంగా బిగించే ఇనుప చట్రాలు, అంటే క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. బయట ఇనుప బంపర్ తగిలిస్తే కాలినడకన వెళ్ళేవాడికీ ప్రమాదం, లోపలివాళ్ళ ఎయిర్‌బ్యాగు సరిగ్గా పనిచేస్తుందో లేదో అన్న టెన్షనూ ఉంటుంది. లోపల ప్లేటు పెట్టినా మార్పు మార్పేనని, ఆర్టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోమని పాఠకుడికి చెప్పు. తాడు బయటికొచ్చే చోటే నంబరు ప్లేటు ఉంటుంది కదా. దాన్ని ఎటు జరిపావు, అది పూర్తిగా కనబడుతోందా? అదీ రాయి.

ఇక అంకెలు. ‘6,000 పౌండ్ల వించ్’ అని వదిలేశావు. మనవాళ్ళకి పౌండ్లలో బరువు తెలియదు, అది సుమారు 2,720 కేజీలు. జిమ్నీ పూర్తి లోడుతో 1,545 కేజీలు. దానికి ఒకటిన్నర రెట్లు లాగగల వించ్ కావాలన్నది అందరూ చెప్పే లెక్క, అంటే సుమారు 2,320. ‘చాలినదానికంటే ఎక్కువే ఉంది’ అని నువ్వు తేల్చేశావు. మన నేలలో ఆ లెక్క అక్కడితో ఆగదు, అబ్బాయ్. వ్యాసానికి ప్రాణం పోసే చోటు ఇదే, నువ్వు దాన్ని దాటి వెళ్ళిపోయావు.

డెల్టా బురద సంగతి నీకు నేను చెప్పాలా! ధవళేశ్వరం దిగువన గోదావరి పాయలుగా చీలి తెచ్చి పోసిన ఒండ్రు మట్టి ఇది. వానాకాలంలో పుంతలో, అదే పొలాల మధ్య మట్టిదారిలో, చక్రం దిగితే జిగట మట్టి టైరుని పట్టుకుని వదలదు. బండ్లు బయటికి లాగే పనిలో ఒక మోటు లెక్క వాడతారు. చక్రం లోతు దిగితే బండి బరువంత లాగుడు కావాలి, మడ్‌గార్డు లోతు దిగితే రెండింతలు, క్యాబిన్ దాకా దిగితే మూడింతలు. మడ్‌గార్డు లెక్క చూసుకో, జిమ్నీకి 3,090 కేజీలు. నీ వించ్ చాలదు. పైగా వించ్ మీద రాసిన బలం డ్రమ్ము మీద తాడు మొదటి పొరలో ఉన్నప్పటిది. పొర పెరిగేకొద్దీ లాగుడు తగ్గుతుంది, పై పొరకి వచ్చేసరికి మూడో వంతు దాకా పోతుంది. మన పుంతల్లో చెట్టు దగ్గరే దొరుకుతుంది కాబట్టి తాడు ఎక్కువగా డ్రమ్ము మీదే ఉండిపోతుంది, అంటే వించ్ బలహీనంగా ఉన్నప్పుడే దాన్ని వాడుతున్నాం. అందుకే కప్పీ. తాడుని చెట్టుకి కట్టిన కప్పీ గుండా తిప్పి మళ్ళీ బండికే తగిలిస్తే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. తాడు ఎక్కువ బయటికి రావడంతో కింది పొరల బలం కూడా కలిసివస్తుంది. తిరిగొచ్చిన కొస తగిలించే కొక్కెం కూడా చాసిస్‌కి పట్టిన గట్టి కొక్కెం కావాలి. కంపెనీ ఇచ్చే రింగుల్లో కొన్ని బండిని లారీలో కదలకుండా కట్టడానికి మాత్రమే. వించ్ పెట్టే ముందు పారతో చక్రాల ముందు మట్టి తీసేస్తే పట్టు సగం వదులుతుందన్నది కూడా రాయి. అది ఖర్చు లేని బలం.

చెట్టు గురించి ఒక పేరా తప్పకుండా ఉండాలి. కోనసీమలో చేతికి ముందు దొరికేది కొబ్బరి చెట్టే. దానికి తల్లివేరు లేదు, పీచు వేళ్ళే. నానిన గట్టు మీద కొబ్బరి చెట్టుని నమ్మి లాగితే చెట్టే బండి మీదికి రావచ్చు. కప్పీ వాడినప్పుడు ఇది మరీ ముఖ్యం. వించ్ తాడులో 1,500 కేజీల లాగుడు ఉంటే చెట్టు మీద పడేది 3,000. ఎండిన చోట ఉన్న పెద్ద చింత చెట్టు లాంటిది వెతకమను. వెడల్పాటి పట్టీ మొదలుకి దగ్గరగా చుట్టమను. ఇనుప తాడు నేరుగా చుడితే బెరడు కోసుకుపోతుంది, చెట్టు ఎవరిదో వాళ్ళ నోటికీ మనం దొరుకుతాం. చెట్టున్న రైతుని ముందు అడగమని కూడా రాయి. అది మర్యాద, పనిలో భాగం కూడా.

‘ట్రాక్టరు ఉండగా ఇదెందుకు?’ అని మన పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. దానికి జవాబు నీ వ్యాసంలో లేదు. దమ్ము చక్రాలున్న ట్రాక్టరు పగలు ఊరి దగ్గర దొరుకుతుంది. రాత్రి అంతర్వేది వైపు ఇసుకలోనో, మనుషులు లేని ఆక్వా చెరువు గట్టు మీదో దొరకదు. ట్రాక్టరు గుంజుతుంది, వించ్ అంగుళం అంగుళం లాగుతుంది. గట్టు అంచున ఒరిగిన బండికి ఆ నిదానమే కావాలి. ట్రాక్టరు చాలిన చోట ట్రాక్టరే మేలని కూడా ఒప్పుకో, అప్పుడే నీ మాటకి విలువ.

వైరింగు భాగం బాగా రాశావు, కొంచెం చేర్చు చాలు. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండూ కలిపి పది ఆంపియర్లు కూడా తాగవు. వించ్ పూర్తి బరువు మీద వందల ఆంపియర్లలో తాగుతుంది. ఈ పోలిక పెడితే 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ ఎందుకో, ఎర్తు తీగ నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కే ఎందుకు వెళ్ళాలో, మధ్యలో కరెంటు తెగ్గొట్టే ఐసొలేటర్ స్విచ్ ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఇంజను ఆన్‌లో ఉంచి, కాసేపు లాగి, మోటారు చల్లారనిచ్చి మళ్ళీ లాగాలి.

తక్కువ ధర అన్నావు కదా, కంపెనీ ఆ డబ్బు ఎక్కడ మిగుల్చుకుందో చెప్పే బాధ్యత నీదే. చాలావరకు మోటారులో, గేరు గ్రీజులో, నీళ్ళు వెళ్ళకుండా ఆపే సీళ్ళలో, కంట్రోల్ బాక్సులో. మన దగ్గర ఉప్పుగాలి, ఆక్వా చెరువుల ఉప్పునీళ్ళు ఉన్నాయి, ముందు పోయేది సీళ్ళే. ఇనుప తాడు తుప్పు పడుతుంది. సింథటిక్ తాడుకి తుప్పు లేదు, కానీ ఇసుక రేణువులు పోగుల్లో చేరి కోస్తాయి, ఎండ తినేస్తుంది. చాలా వించ్‌ల బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు మీద తాడు వదులుతుంటే అది కాగుతుంది, సింథటిక్ తాడు సుమారు 150 డిగ్రీల దగ్గర కరిగేదే. ప్రతి బురద పని తరువాతా తాడు మొత్తం విప్పి మంచినీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, కొంచెం బరువు మీద మళ్ళీ చుట్టమను. తాడు లాగుతున్నప్పుడు దాని వరసలో ఎవరూ నిలబడకూడదన్న మాట వ్యాసం చివర జాగ్రత్తల్లో కాదు, లాగుడు మొదలయ్యే పేరాలోనే ఉండాలి. చివరిదాకా చదవకుండా పనిలోకి దిగేవాళ్ళే ఎక్కువ.

ఇప్పుడున్న వ్యాసం దిద్దొద్దు, కొత్తగా రాయి. తాడు కొస నుంచి మొదలుపెట్టి చాసిస్ దాకా రా. బంపర్‌లో తాడుకి చోటు కొయ్యడానికి ముందు అట్టముక్కతో కొలత తీసుకున్నావన్న పేరా మాత్రం ఒక్క అక్షరం మార్చకు, అక్కడ నీ చేతులు కనబడుతున్నాయి. రాశాక వైరింగు భాగం ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కి, లాగుడు భాగం మీ ఊరి ట్రాక్టరు డ్రైవరుకి చదివి వినిపించు. వాళ్ళు ఎక్కడ ఆపి ‘అదెలా?’ అని అడుగుతారో అక్కడ ఇంకో వాక్యం పెట్టు. సఖినేటిపల్లిలో నది దాటించే పంటు ఎక్కి నరసాపురం వచ్చినప్పుడు బండి కూడా తీసుకురా. ప్లేటు చాసిస్‌కి పట్టిన చోటు నా కళ్ళతో చూసి, ఆ పేరా ఇద్దరం కూర్చుని సరిచేద్దాం.

నీ మేలు కోరే
బాబాయి