నవ్వించినవాళ్లకే చివర్లో ఇన్ని కష్టాలు ఎందుకు? నా అనుభవం చెప్తాను

తెర మీద అంత నవ్వించిన కమెడియన్లకు చివరికి ఆసుపత్రి బిల్లుకు కూడా డబ్బు ఎందుకు ఉండదు, మా తమ్ముడు సినిమాల్లోకి పోతానంటున్నాడు, పంపాలా వద్దా అని మీరు అడిగారు. తాగి తగలేస్తారని చాలామంది తేలిగ్గా అనేస్తారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది, అసలు చేతికి వచ్చింది ఎంతో ఎవరైనా అడిగారా?

మాది హనుమకొండ. నేరెళ్ల వేణుమాధవ్ గారిని చూసి మిమిక్రీ మొదలుపెట్టాను. వేణుమాధవ్ అనగానే బయటివాళ్లు కోదాడ నుంచి వచ్చిన సినిమా ఆయన అనుకుంటారు, ఆయనా గొప్ప నటుడే, కానీ మా వరంగల్ వాళ్లకు ఆ పేరంటే ముందు నేరెళ్ల వారే. 2001లో పద్మశ్రీ అందుకున్నది ఆయనే. గణపతి నవరాత్రుల స్టేజీల మీద చప్పట్లు విని, 2006లో నేను హైదరాబాద్‌లో చిన్న వేషాలవాళ్లు ఉండే కృష్ణానగర్ పోయి ఆరుగురితో ఒకే గదిలో ఉన్నాను.

మూడో ఏడు ఒక సీను దొరికింది. హీరో చెంప మీద కొడితే గిర్రున తిరిగి బస్తాల మీద పడాలి, లేచి మన తెలంగాణ యాసలో "నేనేం జేసిన్నే అన్నా" అనాలి. మామూలుగా చెయ్యి తగలకుండా తీసి చప్పుడు తర్వాత కలుపుతారు. ఆ రోజు మాత్రం దెబ్బ నిజంగా కనపడాలని కొట్టించారు. తొమ్మిది టేకులు. ఐదో దెబ్బకు కుడి చెవిలో గుయ్‌మని మొదలైంది, డైలాగ్ అందించే మనిషి మాట వినపడక నేను తప్పులు చెప్తుంటే, నా వల్లే ఆలస్యమవుతోందని మేనేజర్ తిట్టాడు. పన్నెండు వందలు రావాలి. వేషం ఇప్పించిన కోఆర్డినేటర్ ఐదు వందలు చేతిలో పెట్టి మిగతాది తర్వాత అన్నాడు, అది రాలేదు. చెవి డాక్టర్‌కు నేనే పెట్టుకున్నాను. ఈరోజుకీ ఫోన్ ఎడమ చెవికే పెట్టుకుంటాను.

ఆ డైలాగులో జోకేముంది చెప్పండి? మా ఇంట్లో రోజూ మాట్లాడే మాట అది. ఎన్నో ఏళ్లు మన భాషను కమెడియన్‌కో, రౌడీ పక్కన ఉండేవాడికో ఇచ్చి, అదే నవ్వు అన్నారు. ఇప్పుడు హీరోలే ఆ యాస మాట్లాడుతున్నారు, చాలా సంతోషం, కానీ అన్నేళ్లు దాన్ని తెర మీద నిలబెట్టింది చిన్న వేషాలవాళ్లే.

ఫిష్ వెంకట్ గారినే చూడండి. 2002లో 'ఆది'తో ఆ యాసే ఆయన్ను జనానికి దగ్గర చేసింది. ఇరవై ఏళ్లకు పైగా నటించిన మనిషి, కిడ్నీలు పాడైతే ఇంట్లోవాళ్లు సాయం అడగాల్సి వచ్చింది, 2025 జూలైలో పోయారు. ఇన్ని సినిమాలు చేసి ఏం మిగుల్చుకోలేదా అంటారు. మాలాంటి వేషాలకు డబ్బు రోజు లెక్కన ఇస్తారండీ. నెలలో మూడు రోజులు పనుంటే మిగతా ఇరవై ఏడు రోజులు అద్దె ఆగుతుందా? పీఎఫ్ లేదు, పెన్షన్ లేదు. ఒంటికి ఏమైనా అయితే ఆ మూడు రోజులూ పోతాయి.

మీ తమ్ముణ్ని ఆపమని నేను చెప్పను. ముందు డబ్బింగ్ నేర్చుకోమనండి, వేషం లేని రోజుల్లో గొంతు తిండి పెడుతుంది. కొట్టే సీను ఉంటే నిజంగా కొడతారా అని ముందే అడగమనండి. మేకప్ తుడుచుకోకముందే డబ్బు తీసుకోమనండి.