గాలి పక్కలకు విచ్చుకునే చోట

చిట్టి తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

పక్కలకు విచ్చుకునే గాలి ప్రవాహంలో టర్బులెంట్ బౌండరీ లేయర్ (గోడను ఆనుకుని సుడులతో పారే పలుచని గాలి పొర) మీద పరిశోధనకు కూర్చున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత పొంగిపోయానో, అంత కంగారూ పడ్డాను.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే. ప్రయోగానికి ముందూ తర్వాతా గాలి వేగం కొలిచే హాట్‌వైర్‌ను కాలిబ్రేట్ చెయ్యి, గది ఉష్ణోగ్రత రాసుకో.

నా భయమంతా మధ్యగీత గురించి, అంటే మోడల్ నడిమధ్యన ప్రవాహం వెంట సాగే గీత. నేను కొత్తగా చేరిన ప్రయోగశాలలో ఒక సీనియర్ ఆ గీత వెంటే వేగాలు కొలిచి, మొమెంటమ్ మందం (గోడ వల్ల గాలి ఎంత జోరు కోల్పోయిందో చెప్పే కొలత) ఎంత పెరిగిందో చూసి, పక్కలకు ప్రవాహమే లేదనుకునే ద్విపరిమాణ సమీకరణంతో గోడ రాపిడి లెక్కగట్టారు. మధ్యగీత మీద పక్కవేగం సున్నా, నిజమే. కానీ అటూ ఇటూ జరిగేకొద్దీ అది పెరిగే రేటు సున్నా కాదు! పొర పక్కలకు పరుచుకుని పలచబడుతోంది. సమీకరణంలో ఆ విచ్చుకోవడాన్ని చూపే పదాన్ని వదిలేసేసరికి రాపిడి ఉన్నదానికంటే తక్కువగా తేలింది. గ్రాఫు మాత్రం ఒక్క బిందువూ చెదరకుండా వచ్చింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తప్పు బయటపడేసరికి థీసిస్ సగం రాసేశారు. ఆయన ఆ కాగితాలు సర్దుకుంటుంటే పక్కనే నిలబడి ఏమనాలో తోచలేదు నాకు.

అందుకే పక్కవేగాలు కొలవకుండా ఒక్క అంకె కూడా నమ్మకు. రాపిడిని విడిగా కొలువు, కనీసం గోడకు ఆనించి పీడనం కొలిచే ప్రెస్టన్ ట్యూబుతోనైనా. శ్రీహరికోట కేంద్రానికి ఎవరి పేరుందో ఆ సతీశ్ ధవన్, గోడలో చిన్న కదిలే పలక అమర్చి రాపిడిని నేరుగా కొలిచారు. ఆ నివేదిక 1953లో వచ్చింది, తప్పకుండా చదువు.

పొర పలచబడితే టర్బులెన్స్ కూడా నీరసిస్తుందనుకునేవు సుమా! సుడులు అడ్డంగా సాగి బలపడతాయి. విచ్చుకోవడం వంటి అదనపు వికృతి (ప్రవాహం సాగడం, వంగడం) చిన్నదే అయినా, సమీకరణాల్లో కనిపించేదానికి దాదాపు పదింతల ప్రభావం చూపుతుందని టర్బులెన్స్ పరిశోధకుడు బ్రాడ్‌షా 1973లోనే హెచ్చరించారు. 1979లో స్మిట్స్, ఈటన్, బ్రాడ్‌షా సిలిండర్ మీద నుంచి విచ్చుకునే శంకువు మీదికి గాలి పంపి చూశారు. సిలిండర్, శంకువు కలిసే ఆ మలుపులో పుటాకార వంపు కూడా టర్బులెన్స్‌ను రెచ్చగొడుతుంది. అందుకే విచ్చుకోవడం ఒక్కదాని ప్రభావం తేల్చడానికి వాళ్లు మలుపు దాటి చాలా దూరం వెళ్లి కొలతలను చూడవలసి వచ్చింది. నీ మోడల్‌కు ఆ నిడివి ఉందా? లేకపోతే ఇప్పుడే మీ గైడుతో పోట్లాడి పెంచించు. తర్వాత ఏడిస్తే లాభం లేదు.

రాత్రిళ్లు ఒక్కదానివే విండ్ టన్నెల్ నడపకు తల్లీ, వేళకు తిను. మొదటి కొలతలు రాగానే నాకు పంపు, పక్కవేగాల పట్టికతో సహా.

మీ పెద్దమ్మ