ఎంపీ ఆఫీసులో ప్రశ్నలు రాయడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి ఇక్కడ పొలిటికల్ సైన్స్‌తో బీఏ చేసి, ఇప్పుడు బ్రిటన్‌లోని లీడ్స్‌లో పబ్లిక్ పాలసీలో (ప్రభుత్వ విధానాల అధ్యయనం) మాస్టర్స్ చేస్తోంది. బ్యాంకు లోను 24 లక్షలు. కొంతకాలంగా వారానికి ఒక రోజు అక్కడి ఎంపీ ఆఫీసుకు వలంటీరుగా వెళ్తోంది. ఆ ఎంపీ పార్లమెంటులో మంత్రులను అడిగే లిఖితపూర్వక ప్రశ్నలకు సమాచారం వెతికి ఇస్తుందట. చదువయ్యాక పార్లమెంటరీ రీసెర్చర్ అవుతానంటోంది. మా బావమరిది కొడుకు అక్కడే బిజినెస్ అనలిటిక్స్ (కంపెనీల లెక్కలను విశ్లేషించే కోర్సు) చేసి ఉద్యోగంలో ఉన్నాడు. పాపను కూడా అటే మారమని చెబుతున్నాం. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి. ఎంపీతోనే పరిచయం ఉంది కాబట్టి వీసా సంగతి వాళ్లే చూసుకోరా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఊరు, కోర్సు మారుతాయి కానీ ఈ ఉత్తరం నాకు తరచూ వస్తూనే ఉంటుంది. పైకి రెండు దారులను పోల్చమంటారు. లోపల ఉండే దిగులు వేరు. లోను తీరుతుందా, పిల్ల అక్కడ నిలదొక్కుకుంటుందా అన్నది ఒకటి. ‘మీ అమ్మాయి ఏం చేస్తోంది’ అని పెళ్లిలో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేకపోతున్నామే అన్నది రెండోది. మొదటిదానికి లెక్క ఎలా వేసుకోవాలో చెబుతాను. రెండోదానికి మీ అమ్మాయి బాధ్యురాలు కాదు.

ముందు మీ చివరి ప్రశ్న తేల్చేద్దాం, ఎందుకంటే ప్రమాదమంతా అందులోనే ఉంది. ‘ఎంపీగారికి ఒక మాట చెప్పమ్మా’ అని దయచేసి మీ అమ్మాయితో అనకండి. ఇప్పటికే అని ఉంటే ఈ రాత్రికే ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకోండి. బ్రిటన్‌లో వీసాల నిర్ణయం హోం ఆఫీసుది, అంటే అక్కడి హోం శాఖది. నియోజకవర్గంలో ఉంటున్న మనిషి దరఖాస్తు ఆగిపోతే ఎంపీ ఆఫీసు ఉత్తరం రాసి, అది ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోగలదు. అంతకు మించి ఏమీ చేయలేదు. పైగా అక్కడ పనిచేసేవాళ్లు సొంత పనికి ఆ ఆఫీసును వాడుకుంటే ముందు పోయేది వాళ్ల ఉద్యోగమే. 1994లో డబ్బు తీసుకుని పార్లమెంటులో ప్రశ్నలు అడిగారన్న ఆరోపణ బయటపడి ఆ దేశం అట్టుడికిపోయింది. ఎంపీల నడవడిని విచారించేందుకు ఆ తర్వాతి ఏడాదే ప్రత్యేకంగా ఒక కమిషనర్ పదవి పెట్టారు. మన దగ్గర కూడా 2005లో ఇలాంటి వ్యవహారంలోనే 11 మంది ఎంపీలు సభ్యత్వం పోగొట్టుకున్నారు. పిల్ల ఏ పరపతీ అడగకుండా, తన చదువుతో ఆ గదిలోకి వెళ్లి కూర్చుంది. ఆ పరువు తీసేయకండి.

ఇక ఆ పని ఏమిటో మీకు ఎవరూ సరిగ్గా చెప్పినట్టు లేరు. మన లోక్‌సభ లాంటి అక్కడి కామన్స్ సభలో 650 మంది ఎంపీలు ఉంటారు. సభలో లేచి అడిగే ప్రశ్నలను టీవీలో చూస్తాం. అంతకు ఎన్నో రెట్లు ప్రశ్నలు కాగితం మీదే నడుస్తాయి. మన లోక్‌సభలో నక్షత్రం గుర్తు లేని ప్రశ్నలకు కూడా రాతలోనే జవాబు వస్తుంది కదా, దాదాపు అలాంటివే. వాటిని ప్రశ్నలు నిబంధనల ప్రకారం ఉన్నాయో లేదో చూసే సభ విభాగం, టేబుల్ ఆఫీసుకు పంపాలి. మామూలు ప్రశ్నకు వారంలోపు జవాబు రావాలన్నది అక్కడి ఆనవాయితీ. ఫలానా తేదీకి జవాబు కావాలని అడిగే ప్రశ్నలు ఇంకో రకం. అవి ఒక ఎంపీ రోజుకు ఐదుకు మించి ఇవ్వడానికి వీల్లేదు.

ఒక ఉదాహరణ చెబుతాను. విద్యార్థి వీసాలు ఆలస్యమవుతున్నాయని ఆఫీసుకు ఫిర్యాదులు వచ్చాయనుకుందాం. కొత్తగా చేరినవాళ్లు ఆవేశంలో ‘విద్యార్థుల జీవితాలతో ఆడుకుంటున్న ఈ ఆలస్యాన్ని మంత్రి సమర్థిస్తారా?’ అని రాస్తారు. టేబుల్ ఆఫీసు దాన్ని వెనక్కి పంపుతుంది. ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఆధారం లేని మాట ఉండకూడదు, అడిగే విషయం ఆ మంత్రి బాధ్యతలోదై ఉండాలి. ‘గత ఆరు నెలల్లో వచ్చిన విద్యార్థి వీసా దరఖాస్తుల మీద నిర్ణయానికి సగటున ఎన్ని రోజులు పట్టింది?’ అని అడిగితే నిలబడుతుంది. అయినా పని అక్కడితో అయిపోదు. ‘ఈ సమాచారం ఒకేచోట భద్రపరచడం లేదు’ అనో, ‘సేకరించడానికి ఖర్చు మితిమీరుతుంది’ అనో, ‘ప్రచురించిన గణాంకాలు చూసుకోండి’ అనో జవాబు రావచ్చు. ఆ గణాంకాలు తెరిచి, అందులో లేనిదేమిటో పట్టుకుని, ఆ జవాబునే ఉదహరిస్తూ తప్పించుకోవడానికి వీల్లేని రెండో ప్రశ్న రాయాలి. మీ అమ్మాయి నేర్చుకుంటున్నది ఈ రెండో ప్రశ్న రాయడం. చాలామంది ఎంఏలకు ఇది రాదు.

దీనివల్ల ఒరిగేదేమిటని మీరు అడగవచ్చు. బ్రిటన్ పోస్టాఫీసుల్లో హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ తప్పుడు లెక్కలు చూపించింది. 1999 నుంచి 2015 మధ్య వందలాది మంది సబ్‌పోస్ట్‌మాస్టర్లను (చిన్న పోస్టాఫీసులు నడిపేవాళ్లను) దొంగలని ముద్రవేసి శిక్షించారు. హ్యాంప్‌షైర్‌లోని సౌత్ వార్న్‌బరో అనే పల్లెలో చిన్న పోస్టాఫీసు నడిపిన జో హామిల్టన్ వాళ్లలో ఒకరు. ఆమె నియోజకవర్గం ఎంపీ జేమ్స్ ఆర్బత్‌నాట్ ఆ గోడు విన్నారు. అదే కష్టం మిగతా ఎంపీల నియోజకవర్గాల్లో కూడా ఉందని తేలింది. వాళ్లంతా కలిసి పోస్టాఫీసు యాజమాన్యాన్ని నిలదీశారు. 2014 డిసెంబరులో ఆర్బత్‌నాట్ పార్లమెంటులో దాని మీద చర్చ పెట్టించారు. 2021లో జో హామిల్టన్ శిక్షను కోర్టు కొట్టేసింది. 2024 మేలో ఏకంగా చట్టం చేసి మిగతావాళ్ల శిక్షలు రద్దు చేశారు. వీటిలో ఏదీ ఒక్క ప్రశ్నతో జరిగింది కాదు, ఏళ్లు పట్టింది. కానీ ఇలాంటివన్నీ మొదలయ్యేది నియోజకవర్గ ఆఫీసుకు వచ్చిన ఒక ఉత్తరాన్ని ఎవరో ఓపిగ్గా చదివినప్పుడే. అక్కడ ఆ పని చేసేవాళ్లను కేస్‌వర్కర్లంటారు. మీ అమ్మాయి రీసెర్చర్ అన్న పేరు మీదే మనసు పెట్టుకుందేమో. నా మాటగా చెప్పండి, కేస్‌వర్కర్ పని దొరికినా వదులుకోవద్దని.

ఇప్పుడు నాకున్న అనుమానాలు. ఇది మీ అమ్మాయి కూడా చదవాలి.

పబ్లిక్ పాలసీ ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది. బ్రిటన్ పార్లమెంటు ఉండే వెస్ట్‌మినిస్టర్ ముందు ఫొటో దిగి లింక్డ్‌ఇన్‌లో పెట్టడం, ‘మా ఎంపీ తరఫున ఇన్ని వందల ప్రశ్నలు వేయించాను’ అని రెజ్యూమెలో రాయడం చూస్తున్నాను. ఎంపీల ప్రసంగాలను, ప్రశ్నలను లెక్కపెట్టి చూపే వెబ్‌సైట్లు 2004 నుంచే ఉన్నాయి. జనం తమ ఎంపీ ఏం చేస్తున్నారో చూసుకోవడానికి అవి మంచివే. కానీ అంకె పెరిగితే పని జరిగినట్టేనన్న భ్రమ కూడా వాటితోనే వచ్చింది. ఒకే ప్రశ్నను పది శాఖలకు మార్చి మార్చి పంపితే పది ప్రశ్నలవుతాయి. వాటికి జవాబు రాయడానికి పది శాఖల్లో గుమస్తాలు కూర్చోవాలి. బయటికి వచ్చే కొత్త సమాచారం ఏమీ ఉండదు. మీ అమ్మాయి తాను పనిచేసిన ప్రశ్నల్లో మూడు ఎంచుకోమనండి. ఏం తెలుసుకోవాలని అడిగారు, ఏం జవాబు వచ్చింది, ఆ తర్వాత ఏం మారింది? మూడింటికీ చెప్పగలిగితే ఈ రంగం ఆమెకు తగినదే. చెప్పలేకపోతే ఇప్పటిదాకా జరిగింది హాజరు మాత్రమే.

చట్టాల విషయంలో కూడా ఇంతే. ప్రభుత్వంలో లేని ఎంపీ సొంతంగా బిల్లు పెట్టవచ్చు. అయితే సుమారు ఏడాది సాగే సెషన్ మొత్తంలో వాటికి మామూలుగా కేటాయించేది 13 శుక్రవారాలు. లాటరీలో పేరు వచ్చిన 20 మందికే కాస్త అవకాశం, అందులోనూ మొదట ఉన్నవాళ్లకే. 1965లో హత్య కేసుల్లో ఉరిశిక్షను ఎత్తేసిన చట్టం ఒక సాధారణ ఎంపీ బిల్లుగానే వచ్చింది, ఆ దారికి అంత శక్తి ఉంది. కానీ చాలా బిల్లులు చర్చకే రాకుండా పోతాయి. పడిన శ్రమకు ఫలితం కనబడాలనుకునే స్వభావమైతే ఇక్కడ నలిగిపోతారు. ఇంకో మాట, రాసింది తనదైనా అచ్చయ్యేది ఎంపీ పేరుతోనే.

ఉద్యోగ భద్రత కూడా తక్కువే. జీతం ఇచ్చేది ఇప్సా అనే స్వతంత్ర సంస్థే అయినా యజమాని ఆ ఎంపీయే. ఎంపీ ఓడిపోతే సిబ్బంది ఉద్యోగం కూడా పోతుంది. 2024 జులై 4 ఎన్నికల్లో కన్సర్వేటివ్ పార్టీ బలం 121కి పడిపోయింది. అంతకుముందు 2019లో గెలిచినవి 365. ఆ తేడాలో ఉన్న ఒక్కో సీటు వెనకా నలుగురైదుగురు సిబ్బంది ఉంటారనుకోండి, వాళ్లంతా కొద్ది వారాల్లో కొత్త పని వెతుక్కోవాల్సి వచ్చింది.

అన్నిటికన్నా గట్టి అడ్డంకి వీసా. ఈ ఉద్యోగాల ప్రకటనలు డబ్ల్యూ4ఎంపీ అనే సైట్‌లో వస్తాయి. బ్రిటన్‌లో పనిచేసే హక్కు ముందే ఉండాలన్న షరతు వాటిలో మామూలుగా కనిపిస్తుంది. స్పాన్సర్ చేసే, అంటే యజమానిగా వీసాకు పూచీ ఉండే ఎంపీ దొరుకుతారన్న ఆశ పెట్టుకోవద్దు. అలా స్పాన్సర్ ఉంటేనే వచ్చే ఉద్యోగ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణంగా కావలసిన జీతం 2025 జులై నుంచి ఏడాదికి 41,700 పౌండ్లు. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా, ఈ రంగంలో మొదటి ఉద్యోగం జీతం 30 వేల పౌండ్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. పార్లమెంటు పాస్ కావాలంటే భద్రతా తనిఖీ ఉంటుంది, దానికి మామూలుగా మూడేళ్లు ఆ దేశంలో ఉన్న రికార్డు అడుగుతారు. ఏడాది క్రితం వెళ్లిన పిల్లకు అది కష్టం. అందుకే నియోజకవర్గ ఆఫీసు మంచి మొదలు అంటున్నాను. చదువయ్యాక వచ్చే గ్రాడ్యుయేట్ వీసాతో అక్కడే ఉండి పనిచేయవచ్చు; దానికి స్పాన్సర్ అక్కర్లేదు, ఇంత జీతం ఉండాలన్న షరతు లేదు. ఆమె చేతిలో ఉన్న అసలు కాలం అదే.

అయితే బిజినెస్ అనలిటిక్స్‌కు మారితే ఈ అడ్డంకులు తొలగిపోతాయా? లేదు. వీసా నిబంధనలు ఇద్దరికీ ఒకటే. మీ బావమరిది కొడుక్కి ఉద్యోగం వచ్చింది, సంతోషం. అతనితో చదివినవాళ్లలో ఎంతమందికి అదే రంగంలో వచ్చిందో అతన్నే అడగండి. ఏడాది కోర్సులో నాలుగు టూల్స్ నేర్చుకుని ఇంజినీర్లతో, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లతో పోటీపడాలి. ఇంటర్‌లోనే లెక్కలు వదిలి ఇష్టపడి పాలిటిక్స్ చదివిన అమ్మాయిని, సగం ఫీజు కట్టేశాక అటు తోయడం ఆమె బాగు కోసమా, మీ టెన్షన్ తగ్గడానికా? కోపం తెచ్చుకోకండి. 24 లక్షలు అప్పు చేసి పంపిన తండ్రికి భయం ఉండదని నేను అనను. కానీ ఆ భయంతో రెండో అప్పు చేయకండి.

మీ అమ్మాయి చేతిలో ఇప్పటికే పనికొచ్చే విద్య ఉంది. ఎంపీ సిబ్బందిగా పనిచేసినవాళ్లను స్వచ్ఛంద సంస్థల పాలసీ విభాగాలు, థింక్‌ట్యాంకులు (విధానాల మీద పరిశోధన చేసే సంస్థలు), పబ్లిక్ అఫైర్స్ సంస్థలు (కంపెనీల తరఫున ప్రభుత్వంతో వ్యవహారాలు నడిపేవి) తీసుకుంటాయి. కొన్ని పబ్లిక్ అఫైర్స్ సంస్థలకు స్పాన్సర్ లైసెన్సు ఉంటుంది, దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. పనిచేసే హక్కు ఉన్న కామన్వెల్త్ పౌరులు బ్రిటిష్ సివిల్ సర్వీసులో చాలా పోస్టులకు అర్హులే, భారతీయులు కూడా అందులోకి వస్తారు. అన్నట్టు, అక్కడ నివసిస్తున్న భారత పౌరురాలిగా మీ అమ్మాయికి వాళ్ల పార్లమెంటు ఎన్నికల్లో ఓటు కూడా ఉంది. నమోదు చేసుకుందో లేదో కనుక్కోండి. ఇంటికి తిరిగి రావాలనుకుంటే ఢిల్లీలో చట్టసభల పని మీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ నడిపే లాంప్ ఫెలోషిప్ ఉంది. ఒక ఎంపీ దగ్గర శాసన పనిలో సాయం చేయాలి, సరిగ్గా ఇప్పుడు చేస్తున్నదే. దానికి 25 ఏళ్లు దాటకూడదు కాబట్టి వయసు లెక్క ఇప్పుడే చూసుకోవాలి. తిరిగి రావడాన్ని ఓటమిగా చూడకండి, పిల్లను కూడా చూడనివ్వకండి.

ఈ వారమే చేయాల్సినవి కూడా ఉన్నాయి. స్టూడెంట్ వీసా మీద తరగతులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. జీతం లేకున్నా అది ఉద్యోగం లాంటి పనైతే ఆ గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. తనది ఏ కోవలోకి వస్తుందో యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల విభాగంలో అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోమనండి. గ్రాడ్యుయేట్ వీసాకు 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు రెండేళ్లు కాకుండా 18 నెలలే వస్తాయి. తన ఫలితాలు ఎప్పుడు వస్తాయో, ఆ తేదీకి ముందా వెనకా అన్నది చూసుకోవాలి. మీరు మాత్రం బ్యాంకుకు వెళ్లి వాయిదాలు ఏ నెల నుంచి మొదలవుతాయో, నెలకు ఎంతో కాగితం మీద రాయించుకుని ఆమెకు పంపండి. గ్రాడ్యుయేట్ వీసాలో ఎన్ని నెలలకు ఎంత తీర్చగలదో ఆమెనే లెక్క వేసి చెప్పమనండి. మీ బావమరిది కొడుకు ప్రస్తావన తేకుండా మాట్లాడండి.