ఈజీఆర్ వాల్వ్‌ని మూసేయకముందు సక్షన్ చూడు

అల్లుడూ,

అలిపిరి దాటి ఘాట్ ఎక్కేసరికి జీపు నల్లపొగ కక్కుతోందని, పుల్లింగ్ అసలు లేదని రాశావు. షెడ్డులో ఈజీఆర్ వాల్వ్‌కి రేకుముక్క అడ్డం పెట్టి మూసేద్దామన్నారట. ఆ పని మాత్రం చేయించొద్దు. సైలెన్సర్ వైపు పోయే పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపి, లోపల మంట వేడి తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లు ఎక్కువ పుట్టకుండా చూసేది ఆ వాల్వే. మూసేస్తే పొగ తగ్గుతుందేమో కానీ లోపం ఎక్కడుందో తెలియకుండా పోతుంది.

నా టెన్షన్ వేరే. డీజిల్ బండిలో సక్షన్ కోసం, అంటే గాలిని లాగడానికి, విడిగా పంపు ఉంటుంది, నీ జీపులో అది ఆల్టర్నేటర్ వెనకే బిగించి ఉంటుంది. దాన్నుంచి లావు పైపు బ్రేకుకి బలం పెంచే బూస్టర్‌కి, సన్న పైపు సోలనాయిడ్ (కరెంటుతో సక్షన్‌ని వదిలి ఆపే చిన్న వాల్వ్) మీదుగా ఈ ఈజీఆర్ వాల్వ్‌ని తెరవడానికి పోతాయి. సన్న పైపు చీలినా బ్రేకు బలం తగ్గొచ్చు. నువ్వేమో యాత్రికులను కూర్చోబెట్టుకుని మొదటి ఘాట్ మలుపుల్లో దిగేవాడివి. కాబట్టి ముందు ఇంజన్ ఆపి, బ్రేక్ పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కు. అలాగే తొక్కిపట్టి స్టార్ట్ చెయ్యి. పెడల్ కాస్త కిందికి దిగాలి. దిగలేదా, అది బాగయ్యేదాకా బండి కొండెక్కించకు.

బ్రేకు బాగుంటే, వాల్వ్ నెత్తిన ఉన్న సన్న పైపు పీకి, దాని మూతికి స్క్రూ బిగించు. మనుషులను ఎక్కించుకుని కరకంబాడి రోడ్డులో ఒకసారి లాగి చూడు. పొగ పోయి పుల్లింగ్ వచ్చిందంటే వాల్వ్ మంచిదే, సోలనాయిడ్ అక్కర్లేనప్పుడు కూడా సక్షన్ వదులుతోందన్నమాట. పొగ అలాగే ఉంటే వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. విప్పే ముందు ఎయిర్ ఫిల్టర్ కూడా చూడు.

తర్వాత మెడికల్ షాపులో 50 మి.లీ. సిరంజి కొను. చిన్న ట్యూబుతో వాల్వ్ నిపుల్‌కి తగిలించి మెల్లగా లాగు. కింద సందులోంచి రాడ్ పైకి లేవడం కనిపించాలి. లాగి అలాగే పట్టుకుంటే రాడ్ పైనే నిలవాలి. దానంతటదే జారిపోతే లోపలి రబ్బరు పొర, అదే డయాఫ్రమ్, చిరిగినట్టే, ఎంత కడిగినా లాభం లేదు. అసలు కదలకపోతే మసి పట్టి ఉండొచ్చు.

మసైతే ఇంజన్ చల్లారాక విప్పి, కార్బ్ క్లీనర్ (మసి కరిగించే స్ప్రే) కొట్టి, కర్రపుల్లతో గీకు. ఆ మందు డయాఫ్రమ్ రబ్బరు మీద పడకుండా వాల్వ్‌ని వంచి పట్టుకో. బిగించేటప్పుడు గ్యాస్కెట్ కొత్తది వెయ్యి.

పైపుల చివరలు మన ఎండకి, ఇంజన్ వేడికి బిరుసెక్కి చీలుతాయి. పొడవు చాలితే అర అంగుళం కోసి మళ్లీ తొడుగు. మార్చాల్సి వస్తే వ్యాక్యూమ్ పైపే అడుగు. మెత్తటి పెట్రోల్ ట్యూబ్ వేస్తే సక్షన్‌కి అణిగిపోయి దారి మూసుకుంటుంది.

సిరంజితో లాగినప్పుడు రాడ్ ఏం చేసిందో ఫోన్ చేసి చెప్పు. డయాఫ్రమ్ పోయిందంటే వాల్వ్ మీద నంబరు కనిపించేలా ఫోటో పంపు, సరైనది ఏదో చూసి చెబుతాను.

నీ మామ